బాకీ ఎవరిది? పేరు ఎవరిది?

మన ఏజెన్సీలో బాకీ అనే మాటకు చాలా పాత చరిత్ర ఉంది. తాత తెచ్చుకున్న తిండిగింజలకు మనవడు పాలేరుతనం చేయడం మన పెద్దవాళ్లు కళ్లతో చూసిన సంగతే. విశాఖ మన్యం వైపు దాన్ని గొత్తి అన్నారు. నిజాం రాజ్యంలో భగేలా అన్నారు. పేరు ఏదైనా పద్ధతి ఒక్కటే. షావుకారు దగ్గర పద్దు పుస్తకం ఉంటుంది, అందులో మనవాడి వేలిముద్ర ఉంటుంది. ఏం రాసి ఉందో వేలిముద్ర వేసినవాడికి తెలియదు. 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో రుణబానిసత్వాన్ని రద్దు చేస్తూ రెగ్యులేషన్ తెచ్చింది. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల మీద, 1970లో గిరిజనుల రుణవిముక్తి కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెగ్యులేషన్లు చేసింది. 1976లో దేశం మొత్తానికి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఇవి ఎంతవరకు అమలయ్యాయో రాయాలంటే వేరే వ్యాసం కావాలి. కాని ఈ చట్టాలన్నీ ఒక సంగతిని ఒప్పుకున్నాయి. పద్దులో పేరున్నంత మాత్రాన బాకీ ఆ మనిషిది అయిపోదు, ఆ బాకీ ఎలా పుట్టిందో చూడాలి.

ఇప్పుడు మన పిల్లల పేర్లు మరో పద్దులో ఉన్నాయి. అది యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో ఉండే పద్దు. సెమిస్టర్ పరీక్షల నోటిఫికేషన్ రాగానే డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఒక జాబితా అంటిస్తారు: ట్యూషన్ ఫీజు బకాయి ఉన్నవారు. ఎం.ఏ. సోషియాలజీ జాబితా ఒకటి తీసి చూడండి. కొర్సా, మడివి, సోడె, కుంజా, పూసం, ఆత్రం, కిల్లో, వంతల... మన ఇంటిపేర్లు వరసగా కనిపిస్తాయి. కోయ, కొండరెడ్డి, గోండు, బగత, కొండదొర, సవర అన్న తేడా ఆ కాగితానికి లేదు.

విచిత్రం ఏమిటంటే సోషియాలజీ సిలబస్‌లో గిరిజన సమస్యలు అని ఒక యూనిట్ ఉంటుంది. భూమి అన్యాక్రాంతం, రుణగ్రస్తత, దోపిడీ అని ఉపశీర్షికలు. ఆ పాఠం చదువుకున్న పిల్ల ఆ పాఠం మీద పరీక్ష రాయాలంటే ముందు తన పేరు మీదున్న బాకీకి జవాబు చెప్పుకోవాలి.

మన పిల్లలు సోషియాలజీకే ఎందుకు ఎక్కువగా వెళ్తారని నన్ను చాలామంది అడిగారు. కొందరు వెటకారంగా కూడా అడిగారు. నాకు తెలిసిన కారణాలు చెబుతాను. ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు ఖాళీ ఉన్న ఏడాది చదివిన పిల్లవాడు ఇంటర్‌లో ఆర్ట్స్ తీసుకుంటాడు, డిగ్రీలో బి.ఏ. చేస్తాడు. ఎం.ఏ. సోషియాలజీకి ఏ డిగ్రీ చదివినవాళ్లయినా ప్రవేశ పరీక్ష రాయవచ్చు. జవాబులు తెలుగులో రాసుకునే వీలు చాలాచోట్ల ఉంది. గ్రూప్ పరీక్షల్లో భారతీయ సమాజం గురించి ప్రశ్నలు వస్తాయి కాబట్టి ఒక చదువుతో రెండు పనులు జరుగుతాయన్న ఆశ. ఇంకొక కారణం పిల్లలే చెప్పారు. ఆ పుస్తకాల్లో మన సంగతి ఉంటుంది. గోత్రం, పంట పండగ, మేనరికం, కులపెద్దల పంచాయితీ, ఇవన్నీ చిన్నప్పటినుంచి తెలిసినవే. తెలిసిన దాన్ని చదువు అని పిలవడం మన పిల్లలకు మొదటిసారి అక్కడే జరుగుతుంది.

ఈ పుస్తకాల సంగతిలో కొంచెం వెనక్కి వెళ్లాలి. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీమ్‌ను చంపిన తర్వాత గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు పని అప్పగించింది. ఆయన చెంచుల మీద 1943లో, మా గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు ప్రచురించాడు. ఉస్మానియా యూనివర్సిటీలో ప్రొఫెసరుగా కూడా పనిచేశాడు. అక్కడే పాఠాలు చెప్పిన ఎస్.సి. దూబే అంతకుముందు కమార్ అనే ఆదివాసి తెగ మీద పరిశోధన చేసినవాడు, తర్వాత శామీర్‌పేట గ్రామం మీద 1955లో పేరున్న పుస్తకం రాశాడు. అంటే ఉస్మానియాలో సమాజశాస్త్రం, మానవశాస్త్రం నిలదొక్కుకున్న రోజుల్లో వాటికి పునాదిగా ఉన్నది మన గూడేల జీవితం. మన ఇళ్ల కొలతలు, మన పెళ్లిళ్ల లెక్కలు, మన దేవర కథలు అక్కడి తరగతి గదుల్లో పాఠాలయ్యాయి. మనవాళ్లు మాత్రం ఆ గదుల్లో లేరు. హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టించాడు, గోండీలో వాచకాలు రాయించాడు. ఆ మేలు మరచిపోవలసింది కాదు. కాని గోండు పిల్లవాడు బడి పంతులు కావడానికి, అదే గోండు పిల్లవాడు యూనివర్సిటీ మెట్లు ఎక్కడానికి మధ్య చాలా ఏళ్ల దూరం ఉంది. ఆ దూరాన్ని దాటించింది స్కాలర్‌షిప్.

స్కాలర్‌షిప్ ఎలా పుట్టిందో మన టీచర్లలో కూడా చాలామందికి తెలియదు. ఏదో ఒక ముఖ్యమంత్రి ఇచ్చాడనే అనుకుంటారు. దాని కథ ఒక విద్యార్థి చదువు ఆగిపోవడంతో మొదలవుతుంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లాడు. అక్కడ అర్థశాస్త్రంతో పాటు సమాజశాస్త్రం, మానవశాస్త్రం కూడా చదివాడు. భారతదేశంలో కులాల పుట్టుక మీద ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం 1916 మే నెలలో అక్కడ ఒక మానవశాస్త్ర సెమినార్‌లో చదివిందే. ఆ తర్వాత లండన్ వెళ్లి చేరాడు. 1917లో స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. చదువు సగంలో వదిలేసి వెనక్కి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగానికి చేరితే ఉండటానికి ఇల్లు కూడా దొరకలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం దాచుకుని, కొల్హాపూర్ శాహూ మహారాజు సాయం తీసుకుని, ఒక పార్శీ స్నేహితుడి దగ్గర అప్పు చేసి 1920లో మళ్లీ లండన్ వెళ్లాడు. 1923లో డాక్టరేట్ చేతికి వచ్చింది. అంత తెలివైన మనిషికి కూడా డబ్బు లేక మూడేళ్లు పోయాయి.

అదే మనిషి 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాడు. ఆ ఏడాదే షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చాడు. అందులో ఉన్నత చదువులకు డబ్బు కావాలన్నది ముఖ్యమైన కోరిక. 1944-45లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1948-49లో దాన్ని మనకు, అంటే షెడ్యూల్డ్ తెగలకు విస్తరించారు. అప్పటికి రాజ్యాంగం ఇంకా అమల్లోకి రాలేదు. తర్వాత వచ్చిన రాజ్యాంగం 46వ అధికరణంలో ఎస్సీ, ఎస్టీల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యానికి చెప్పింది. 1951లో మొదటి సవరణతో 15(4) చేరింది. ఈ తేదీలు మన పిల్లలకు కంఠతా రావాలని నేను ఎందుకు అంటానంటే, ఫీజు కట్టే బాధ్యత ప్రభుత్వం తన మీద వేసుకున్నది ఇప్పుడు కాదు. డెబ్బై ఏళ్లు దాటింది. ఇప్పటి పార్టీలలో చాలావాటికన్నా ఆ మాట వయసు పెద్దది.

ప్రభుత్వం అన్నాం కాని, ఏ ప్రభుత్వం? గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఈ స్కాలర్‌షిప్ ఖర్చును కేంద్రం, రాష్ట్రం పంచుకునే పద్ధతి చాలాకాలం ఒక వింత లెక్కలో నడిచింది. పంచవర్ష ప్రణాళిక ఆఖరి ఏడాది ఎంత ఖర్చయిందో, ఆ మొత్తం తర్వాతి ప్రణాళిక అంతా రాష్ట్రం నెత్తిన ఉంటుంది. దానికి మించి అయిన ఖర్చు మాత్రమే కేంద్రం ఇస్తుంది. దీన్ని కమిటెడ్ లయబిలిటీ అంటారు. ఉదాహరణకు ఒక ప్రణాళిక చివరి ఏడు 10 రూపాయలు ఖర్చయితే, తర్వాతి ఏడాది 12 అయినా కేంద్రం ఇచ్చేది 2 రూపాయలే. పిల్లలు పెరిగేకొద్దీ ప్రణాళిక మారిన ప్రతిసారీ రాష్ట్రం మీద బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. మన పిల్లలు ఎక్కువమంది చదివితే ఖజానాకు చేదుగా అనిపించే ఏర్పాటు అది. ఇప్పుడు ఎస్టీ విద్యార్థులకు కేంద్రం వాటా 75, రాష్ట్రం వాటా 25గా పెట్టారు. లెక్క మారినా, ఒకరి వాటా రాలేదని ఇంకొకరు ఆపడం మాత్రం మారలేదు.

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున మొదలైంది. వెనకబడిన తరగతుల పిల్లలకు, ఇతర పేద పిల్లలకు కూడా ఫీజు ప్రభుత్వమే కడతానంది. లక్షల ఇళ్లలో మొదటి ఇంజినీరు పుట్టాడు. దాన్ని నేను తప్పు పట్టను. కాని దాంతో పాటు రెండు సంగతులు జరిగాయి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంతకుముందునుంచే ఉన్న హక్కు ఒక పథకం పేరులో కలిసిపోయింది. హక్కుకు బడ్జెట్ వెతకాలి, పథకానికి బడ్జెట్ ఉన్నప్పుడు ఇస్తారు. రెండోది, డబ్బు ఎక్కువగా ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల వైపు పోయింది. పెద్ద ఫీజులవాళ్లు వరసలో ముందు నిలబడ్డారు. ఎం.ఏ. చదివే కొండపిల్ల ఫీజు అందులో చిల్లర కింద లెక్క. రెగ్యులర్ సీటుకు ఫీజు కొన్ని వేలే. సెల్ఫ్ ఫైనాన్స్ సీటైతే దానికి ఎన్నో రెట్లు. అయినా ఒక ఇంజినీరింగ్ కాలేజీ బిల్లు ముందు అది కనపడదు.

ఆ తర్వాత రాష్ట్రం విడిపోయింది. మాది శబరి ఒడ్డు. పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు మా మండలం కూడా వెళ్లింది. ఆ ఏడాది వరంగల్‌లోనో హైదరాబాదులోనో చదువుతున్న మా పిల్లలు ఒకరోజు పొద్దున లేచేసరికి వేరే రాష్ట్రం వాళ్లయ్యారు. వాళ్లు కదలలేదు, ఊరు కదలలేదు, గీత కదిలింది. కేంద్రం నిబంధన ప్రకారం విద్యార్థి ఏ రాష్ట్రానికి చెందినవాడో ఆ రాష్ట్రమే స్కాలర్‌షిప్ ఇవ్వాలి. కొత్త రాష్ట్రంలో వీళ్ల వివరాలు లేవు, పాత రాష్ట్రం మీరు మావాళ్లు కాదంది. అదే సమయంలో తెలంగాణ ప్రభుత్వం ఫీజు సాయానికి 1956కు ముందునుంచి స్థానికత ఉండాలన్న షరతుతో ఫాస్ట్ అనే పథకం ప్రకటించి, గొడవలు, కోర్టు కేసుల తర్వాత వెనక్కి తీసుకుంది. పెద్దవాళ్లు స్థానికత గురించి వాదించుకున్నారు. గోదావరికి ఇటు అటు ఎన్ని తరాలనుంచి తిరుగుతున్నామో రాసిన కాగితం ఏ కోయవాడి ఇంట్లో ఉంటుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఈ పథకం విద్యాదీవెన అయింది, మెస్ ఖర్చులకు వసతిదీవెన వచ్చింది. 2021 నుంచి ఫీజు డబ్బును కాలేజీకి కాకుండా తల్లి బ్యాంకు ఖాతాలో వేశారు. తల్లి తీసుకెళ్లి వారం పది రోజుల్లో కాలేజీకి కట్టాలి. తల్లికి గౌరవం ఇచ్చారని పేపర్లు రాశాయి. మైదానంలో ఎలా ఉందో నేను చెప్పలేను. మా దగ్గర బ్యాంకుకు వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు ఉంటుంది, వేలిముద్ర పడకపోతే రెండో రోజు. యూనివర్సిటీ రెండు వందల కిలోమీటర్ల అవతల. డబ్బు పడిన మెసేజ్ సిగ్నల్ లేని ఫోనుకు వస్తుంది. వచ్చిన డబ్బు ఇంట్లో జ్వరానికో, విత్తనాలకో ఖర్చయిన ఇళ్లూ ఉన్నాయి. దాచడం ఎందుకు? కాని ఇక్కడ జరిగిన అసలు మార్పు గమనించాలి. అప్పటిదాకా ఫీజు రాకపోతే ప్రభుత్వం కాలేజీకి బాకీ. ఈ మార్పుతో ఫీజు కట్టకపోతే తల్లి కాలేజీకి బాకీ. ఒక ఉత్తర్వుతో బాకీదారు మారిపోయాడు. పైగా 2020 డిసెంబరులో వచ్చిన 77 నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఈ సాయం ఆగిపోయింది. విద్యార్థి సంఘాలు చాలాకాలం దాని మీద పోరాడాయి. 2024లో ప్రభుత్వం మారేనాటికి విద్యాదీవెన విడతలు కొన్ని రాకుండా ఉండిపోయాయి. కొత్త ప్రభుత్వం డబ్బు మళ్లీ కాలేజీలకే వేస్తామంది. మధ్యలో చదువు ముగించుకున్న పిల్లలు ఏ ఖాతాకూ చెందకుండా మిగిలారు.

మా మండలం అమ్మాయి ఒకామె సంగతి చెబుతాను. పేరు, యూనివర్సిటీ అక్కరలేదు. ఎం.ఏ. సోషియాలజీ నాలుగు సెమిస్టర్లూ పాసైంది. మూడో సెమిస్టర్ హాల్ టికెట్ కోసం హామీపత్రం రాసిచ్చింది: స్కాలర్‌షిప్ రాకపోతే ఫీజు నేనే కడతాను. అందరూ రాశారు, తనూ రాసింది. చదువు పూర్తయ్యాక ప్రొవిజినల్ సర్టిఫికెట్‌కు వెళితే నో డ్యూస్ తెమ్మన్నారు. లైబ్రరీ సంతకం అయింది, హాస్టల్ సంతకం అయింది, అకౌంట్స్‌లో ఆగింది. రెండు సెమిస్టర్ల ట్యూషన్ ఫీజు బకాయి. అప్పుడు వాళ్ల అమ్మ తునికాకు కల్లం దగ్గరనుంచి నేరుగా బడికి వచ్చింది. పొద్దుటినుంచి ఆకు కోసి యాభై ఆకుల కట్టలు కట్టిన చేతులు. ఆమె అడిగింది ఒక్కటే. "పంతులూ, మేం అక్కడ ఎవరి కాడా అప్పు తీసుకోలేదే, మా పిల్ల పేరు మీద అప్పు ఎట్టా పడ్డది?"

నేను ఆమెకు చెప్పిన జవాబు ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను. పిల్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడుతుంది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బోనఫైడ్, ఆధార్, బ్యాంకు వివరాలు, వేలిముద్ర. కాలేజీ దాన్ని సరిచూసి జిల్లా అధికారికి పంపుతుంది. అక్కడ మంజూరైతే బిల్లు తయారై ట్రెజరీకి వెళ్తుంది, టోకెన్ నంబరు పడుతుంది. అక్కడితో పిల్ల చేయవలసింది, కాలేజీ చేయవలసింది అన్నీ అయిపోయినట్టే. ఇక ఆర్థిక శాఖ నిధులు విడుదల చేయాలి. టోకెన్ పడి ఏడాది దాటినా కదలని బిల్లులు ఉంటాయి. యూనివర్సిటీకి మాత్రం సెమిస్టర్ అంటే ఆరు నెలలే. ట్రెజరీ గడియారం వేరు, యూనివర్సిటీ గడియారం వేరు. ఎం.ఏ. రెండేళ్ల చదువు. మొదటి ఏడాది డబ్బు వచ్చేలోగా రెండో ఏడాది పూర్తయిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. సోషియాలజీ చదివేది ఎక్కువగా ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లలోనే. ఆ యూనివర్సిటీ ప్రభుత్వానిది. దానికి జీతాల గ్రాంటు ఇచ్చేది ప్రభుత్వం. ఫీజు కట్టవలసింది ప్రభుత్వం. అంటే ప్రభుత్వం తన కుడిచేత్తో తన ఎడమచేతికి ఇవ్వవలసిన డబ్బు ఇది. అది ఆలస్యమైతే ఆగేది పిల్ల సర్టిఫికెట్. షావుకారు కాలంలో అప్పుకు మనిషిని తాకట్టు పెట్టించుకునేవారు. ఇప్పుడు మనం చేయని అప్పుకు మన కాగితం తాకట్టులో ఉంటోంది.

యూనివర్సిటీ వాళ్ల వైపునుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఖాళీ అయిన అధ్యాపక పోస్టులు నింపరు, గ్రాంటు పెంచరు, పెన్షన్లు ఇవ్వాలి, కరెంటు బిల్లు కట్టాలి. ఫీజులే దిక్కు అన్న స్థితికి వాళ్లను తోశారు. అకౌంట్స్‌లో కూర్చున్న గుమస్తాకు మన మీద కోపం ఏమీ లేదు. కాని ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలకు ఒక బలం ఉంది. 2025 నవంబరులో తెలంగాణలో వాళ్లు బకాయిల కోసం కాలేజీలు మూసేశారు, ప్రభుత్వం చర్చలకు పిలిచింది. యూనివర్సిటీ అలా తలుపులు మూసి ప్రభుత్వాన్ని అడగలేదు. అందుకని అది అడగగలిగిన ఒకే ఒక మనిషిని అడుగుతుంది. ఆ మనిషి మన పిల్ల.

సర్టిఫికెట్ ఆగితే ఏమవుతుందో తెలియనివాళ్లకు చెప్పాలి. సోషియాలజీ స్కూల్ సబ్జెక్టు కాదు, డీఎస్సీలో దానికి పోస్టులు ఉండవు. ఎం.ఏ. సోషియాలజీ చదివిన పిల్లకు ఉన్న దారులు కొన్నే. నెట్ లేదా సెట్ రాసి డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు కావడం, పీహెచ్‌డీలో చేరడం, గ్రూప్స్ రాయడం, ఏదైనా స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పని. చాలాచోట్ల చేరే రోజున ఒరిజినల్ అడుగుతారు. గిరిజన పరిశోధకులకు ఫెలోషిప్ 2005-06 నుంచి ఉంది, ఇప్పుడు దేశం మొత్తం మీద ఏటా 750 మందికి ఇస్తారు. పీజీ సర్టిఫికెట్ అకౌంట్స్ బీరువాలో ఉన్న పిల్ల ఆ 750లోకి ఎలా వస్తుంది? వచ్చినా అక్కడ కూడా ఆలస్యాలే. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చనిపోయిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు తనకు రావాలని రాసి వెళ్లాడు. ఆ చావుకు కారణాలు చాలా పెద్దవి, ఒక్క డబ్బు అని ఎవరూ అనరు. కాని అంత బాధలోనూ ఒక పేద విద్యార్థి తనకు రావలసిన లెక్క రాసిపెట్టాడన్నది నన్ను ఇప్పటికీ వదలదు.

2024లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక దళిత కూలీ కొడుకు 17,500 రూపాయల ఫీజు గడువులోగా కట్టలేక ధన్‌బాద్ ఐఐటీలో సీటు పోగొట్టుకున్నాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. సెప్టెంబరు 30న కోర్టు తన ప్రత్యేక అధికారం వాడి అతనికి సీటు ఇప్పించింది. మంచి తీర్పే. కాని ఎం.ఏ. సోషియాలజీ పిల్ల కోసం ఢిల్లీ ఎవరు వెళ్తారు? వకీలును ఎవరు పెడతారు? ఐఐటీ సీటుకు ఉన్న విలువ సోషియాలజీ సర్టిఫికెట్‌కు లేదని లోకం అనుకుంటుంది. నేను అలా అనుకోను. మన గూడేల మీద ఇప్పటిదాకా వచ్చిన పుస్తకాలు చాలావరకు బయటివాళ్లు రాసినవే. కొన్ని ప్రేమతో రాసినవి, కొన్ని ఉద్యోగం కోసం రాసినవి. కొండరెడ్ల గురించి కొండరెడ్డి పిల్ల, కోయల గురించి కోయ పిల్లవాడు పరిశోధన రాయాలంటే వాళ్లు ముందు ఆ నోటీసు బోర్డు దాటాలి.

ఇది చదువుతున్న పిల్లలకు, తోటి ఉపాధ్యాయులకు కొన్ని పనికొచ్చే సంగతులు చెప్పి ముగిస్తాను. బడి నుంచి పిల్లలు వెళ్లిపోయాక మన పని అయిపోయిందని నేను అనుకోవడం మానేశాను. మా బడిలో ఒక నోటు పుస్తకం పెట్టాం. మా దగ్గర చదివి పై చదువులకు వెళ్లిన పిల్లల పేరు, స్కాలర్‌షిప్ దరఖాస్తు నంబరు, పెట్టిన తేదీ, కాలేజీ పంపిన తేదీ, మంజూరు తేదీ, టోకెన్ సంగతి అందులో రాస్తాం. ఎక్కడ ఆగిందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. చాలాసార్లు ఆధార్‌లో పేరు ఒకటి, పదో తరగతి మెమోలో ఒకటి ఉండటం వల్లే దరఖాస్తు ఆగుతుంది. మన ఇంటిపేర్లను బయటి గుమస్తాలు తోచినట్టు రాస్తారు కదా. దీన్ని తొమ్మిదో తరగతిలోనే సరిచేయించాలి, అది మన చేతిలో పనే.

హామీపత్రం రాయమంటే కంగారుగా సంతకం చేయవద్దు. రాయక తప్పకపోతే, ఫలానా నంబరు దరఖాస్తు మంజూరులో ఉంది, ప్రభుత్వం విడుదల చేయగానే ఫీజు జమ అవుతుంది అని రాయండి. నేనే కడతాను అన్న ఒక్క మాట బాకీని ప్రభుత్వం పేరు నుంచి మీ పేరు మీదికి మారుస్తుంది. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు సంస్థలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. చేరేటప్పుడు ఇచ్చిన పదో తరగతి, ఇంటర్, డిగ్రీ కాగితాలు ఆపితే దాని ప్రతిని చూపించి అడగవచ్చు. ప్రొవిజినల్ కోసం రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి, మంజూరు కాగితం జత చేయాలి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే కాదంటారు. బిల్లు ఏ తేదీన ట్రెజరీకి వెళ్లింది, ఎందుకు ఆగింది అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మా అమ్మాయి విషయంలో మంజూరు ప్రతి, టోకెన్ వివరాలు జతచేసి రిజిస్ట్రార్‌కు ఉత్తరం రాయించాం. ఒక ప్రతి ఐటీడీఏ ప్రాజెక్టు అధికారికి, ఒక ప్రతి జిల్లా గిరిజన సంక్షేమ అధికారికి పంపాం. వాళ్ల అమ్మ సోమవారం గ్రీవెన్స్‌కు తనే వెళ్లింది. అర్జీ ఇచ్చి రసీదు అడిగితే ముందు ఇవ్వలేదట. ఇచ్చేదాకా అక్కడే కూర్చుంది. రసీదు నంబరు మా నోటు పుస్తకంలో రాసుకున్నాం.